కలచివేసే వార్తల మధ్య మనసును కాపాడుకోవడం ఎలా: ఫోన్ సెట్టింగుల నుంచి నిద్ర దాకా

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది. తన చెల్లెలి కుటుంబం అక్కడ మేడ మీద చిక్కుకుపోయింది. పెద్దమ్మ మూడు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. నాలుగో రోజు పొద్దున కూడా "నీళ్లు ఇంకా పెరుగుతున్నాయిరా" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. టీవీలో ఒక ముసలాయన్ని పడవలోకి ఎక్కిస్తున్నారు. అది మొదటి రోజు తీసిన దృశ్యం. అప్పటికి పదిసార్లైనా చూసి ఉంటాం.

ఆ రోజే చెల్లెలికి ఫోన్ కలిసింది. "నిన్న నాలుగు మెట్లు మునిగి ఉన్నాయక్కా, ఇవాళ రెండు బయటపడ్డాయి. పాల ప్యాకెట్లు కూడా వచ్చాయి" అంది ఆవిడ. రెండు నిమిషాల మాట. పెద్దమ్మ ఆ పూటే కడుపునిండా అన్నం తింది.

మనకు కావలసింది సమాచారం. మనల్ని దెబ్బతీసేది దృశ్యం, అందులోనూ మళ్లీ మళ్లీ తిరిగే దృశ్యం. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగో ఒక్కో మెట్టుగా చెబుతాను. వార్తలు పూర్తిగా మానేయాలా అని చాలామంది అడుగుతున్నారు. మానేయనక్కర్లేదు.

## 1. ముందు రెండు రోజుల లెక్క రాయండి

ఏదీ మార్చకుండా రెండు రోజులు మామూలుగానే ఉండండి. ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి: ఎప్పుడు, ఏం చూశాను, ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉంది.

మూడో గడి ముఖ్యం. "బాధేసింది" అని రాస్తే సరిపోదు. దవడ బిగుసుకుందా, గుండె దడ వచ్చిందా, కడుపులో తిప్పిందా, పిల్లాడి మీద ఊరికే అరిచారా? అలా రాయండి.

వంట చేస్తూ వింటున్న టీవీ కూడా లెక్కలోకి వస్తుంది. "నేను చూడట్లేదు, అది మోగుతోంది అంతే" అనేవాళ్లకే ఈ లెక్క ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఫోన్ సమయం కోసం ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూడండి.

కాగితం వెనక వైపు మీ సొంత టెన్షన్లు రాయండి: ఈఎంఐ, ఆఫీసు, నాన్నగారి షుగర్, పెళ్లి సంబంధం. సొంత బరువు ఎక్కువ ఉన్న రోజుల్లోనే చేయి ఫోన్ మీదకు ఎక్కువ పోతుంది. ఆ రోజులు మీకు ముందే తెలిసి ఉండాలి.

## 2. ఫోన్ సర్దండి: అరగంట పని

నిగ్రహం మీద ఆధారపడకండి. రాత్రి పదకొండుకు అలసిపోయి ఉన్న మనిషికి నిగ్రహం ఉండదు. సెట్టింగులు ఒకసారి మారిస్తే, మీరు అలసిపోయినా అవి పని చేస్తూనే ఉంటాయి.

☐ వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా తెరవండి. మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటిలోనూ ఫోటోలకూ వీడియోలకూ ఉన్న టిక్కులు తీసేయండి. ఇక మీరు నొక్కితే తప్ప బొమ్మ స్పష్టంగా కనిపించదు. ఒక్క మార్పే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి.

☐ ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వాట్సాప్ చాట్స్ సెట్టింగుల్లో మీడియా విజిబిలిటీ కూడా ఆపేయండి. పిల్లల పుట్టినరోజు ఫోటోల కోసం గ్యాలరీ తెరిస్తే మధ్యలో యాక్సిడెంట్ బొమ్మ తగలకుండా ఉంటుంది.

☐ బాధపెట్టే గ్రూపులను ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టి, ఆర్కైవ్ చేయండి. గ్రూపు నుంచి బయటికి రానక్కర్లేదు. ఎవరూ నొచ్చుకోరు.

☐ యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి. భయపెట్టే థంబ్‌నెయిల్ కనిపిస్తే పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ఆ ఛానెల్‌ను ఇక సూచించవద్దని చెప్పండి. ఇప్పటికే చూసినవాటిని వాచ్ హిస్టరీలోంచి తీసేయండి. లేకపోతే అలాంటివే మళ్లీ ముందుకొస్తాయి.

☐ ఫేస్‌బుక్, ఎక్స్ సెట్టింగుల్లోనూ వీడియో ఆటోప్లే ఆపండి.

☐ న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. ప్రభుత్వం పంపే వాన, తుఫాను, పిడుగుల హెచ్చరికలను మాత్రం ముట్టుకోవద్దు. ప్రాణం కాపాడే కబురు రావాల్సిందే.

ఇక ఫ్యామిలీ గ్రూపు. అందరి ముందూ ఒకరిని తప్పుపడితే పంతం పెరుగుతుంది. ఎక్కువగా పంపేవారికి విడిగా రాయండి. నేను మా బాబాయికి రాసింది ఇదీ:

"బాబాయ్, నువ్వు పంపినవి జాగ్రత్త కోసమేనని తెలుసు. ఆ వీడియోలు చూశాక నాకు రాత్రి నిద్ర పట్టట్లేదు. విషయం ఏమిటో రెండు ముక్కల్లో రాయి బాబాయ్, వీడియో వద్దు. నువ్వు రాస్తే తప్పకుండా చదువుతాను."

అప్పటి నుంచి ఆయన నిజంగానే రెండు ముక్కలు రాస్తున్నారు. వద్దని ఆపేయకుండా ఇంకో దారి చూపించాం కాబట్టి ఆయనా చిన్నబుచ్చుకోలేదు.

## 3. వార్తలకు వేళ పెట్టండి

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. పొద్దున టిఫిన్ అయ్యాక ఒకటి, సాయంత్రం దీపాల వేళ ఒకటి. కళ్లు తెరవగానే వద్దు, పడుకునే ముందు అసలే వద్దు.

చూడటం తగ్గించి చదవండి. పేపర్ అయితే మరీ మంచిది, ఎందుకంటే దానికి చివరి పేజీ ఉంటుంది. ఫోన్‌లో స్క్రోలింగ్‌కు చివర లేదు. టీవీయే అలవాటైతే హెడ్‌లైన్స్ బులెటిన్ చూసి ఆపేయండి, చర్చలు వదిలేయండి.

పెద్ద ఘటన జరిగినప్పుడు ఈ వేళలు నిలబడవని నాకు తెలుసు. అలాంటప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి: తుఫాను దగ్గరపడుతున్నప్పుడు వాతావరణ శాఖ మామూలుగా 3 గంటలకు ఒకసారి బులెటిన్ ఇస్తుంది. మధ్యలో ఛానెల్‌లో వినిపించేది ఎక్కువగా ఆ బులెటిన్‌లోని మాటే. 3 గంటలకొకసారి మోగేలా అలారం పెట్టుకుని చూడండి. తీరంలో ఉన్నవాళ్లు, ఖాళీ చేయమన్న ఊళ్ల వాళ్లు మాత్రం స్థానిక అధికారుల మాటకు ఎప్పుడూ చెవి ఒగ్గి ఉండాలి. రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబర్ 1070, జిల్లాది 1077.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఇంకో చిక్కు ఉంది. డాలస్‌లో పట్టపగలు ఏదైనా జరిగితే మనకు అర్ధరాత్రి. తేడా కాలాన్ని బట్టి పదిన్నర, పదకొండున్నర గంటలు. ఫోన్ మోగుతుందేమోనని చాలామంది రాత్రంతా వార్తలు చూస్తూ కూర్చుంటారు. పిల్లలతో ముందే ఒక ఒప్పందం చేసుకోండి: "మీ ఊళ్లో ఏదైనా జరిగిందని తెలిస్తే, 'బాగున్నాను' అని ఒక్క మాట పెట్టు. వివరాలు తర్వాత." పిల్లల నంబర్లకు మాత్రమే రాత్రి రింగ్ వచ్చేలా పెట్టుకుని, మిగతావన్నీ సైలెంట్ చేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ పరిశోధకులు వేలమందిని అడిగి చూశారు. తర్వాతి వారంలో రోజుకు 6 గంటలు, అంతకుమించి ఆ కవరేజీ చూసినవాళ్లలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు పేలుడు చోట ఉన్నవాళ్లలో కంటే ఎక్కువ కనిపించాయి. ముందే ఆందోళన ఉన్నవాళ్లు ఎక్కువ చూస్తారన్న మాటా నిజమే. కానీ ఎక్కువ చూడటం వల్ల ఆ ఆందోళన ఏమీ తగ్గలేదు కదా!

## 4. చూడకూడనిది కళ్లబడ్డాక: మొదటి అరగంట

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకటి కళ్లబడుతుంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడు ఆ క్లిప్ చూడనివాళ్లు మా ఆఫీసులో ఒక్కరూ లేరు. అలాంటప్పుడు కిందివి ఇదే వరసలో చేయండి.

మొదట ఫోన్ కింద పెట్టండి. తెర కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. "పూర్తిగా చూస్తే కానీ అర్థం కాదు" అనిపిస్తుంది. అదే మీటకు వేలు పోతుంది. ఆగండి. రెండోసారి చూడకపోవడమే ఈ అరగంటలో మీరు చేయగల పెద్ద మేలు.

లేచి నిలబడండి. పాదాలు నేలకు గట్టిగా ఆనించండి. ముఖం చన్నీళ్లతో కడుక్కోండి.

ఊపిరి నెమ్మది చేయండి. మనసులో 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. మూడు నిమిషాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. తల తిరిగినట్టుంటే బలంగా పీలుస్తున్నారని అర్థం, తేలిగ్గా తీసుకోండి.

ఉన్నచోటును పేరు పెట్టి చెప్పుకోండి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసన వచ్చేవి రెండు, నోటికి తెలిసే రుచి ఒకటి. గ్యాస్ స్టవ్, పోపుల డబ్బా, గోడ గడియారం, కిటికీ, చీపురు. తిరగలి శబ్దమో మిక్సీ శబ్దమో ఏదైనా సరే. నేను మా వంటింట్లో ఉన్నాను, ఆ చోట లేను అని ఒంటికి తెలియాలి.

కళ్లకూ చేతులకూ కలిపి పని పెట్టండి. ఇది చాలామందికి తెలియదు. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కలచివేసే దృశ్యాలు చూసినవాళ్లలో కొందరితో అరగంట తర్వాత టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను పేర్చే వీడియో గేమ్) ఆడించారు. ఆ తర్వాతి వారంలో వాళ్లకు ఆ దృశ్యాలు వద్దన్నా గుర్తుకు రావడం తక్కువైంది. కళ్లు ఒక ఆకారాన్ని పట్టుకుని ఉన్నప్పుడు ఆ బొమ్మ మనసులో అంత లోతుగా దిగలేదు.

టెట్రిస్ లేకపోతే, ఆకారాల మీద దృష్టి పెట్టించే పని ఏదైనా ప్రయత్నించండి. మా ఇంట్లో పదిహేను చుక్కల ముగ్గు వేస్తారు, కాగితం మీదైనా సరే. చుక్క తప్పకుండా గీత తిప్పడానికి కళ్లు మొత్తం అక్కడే ఉండాలి. పూలు కట్టడం, జిగ్సా పజిల్ కూడా బాగుంటాయి. టీవీ సీరియల్ పెట్టుకోవడం అంత పని చేయదు, చేతులు ఖాళీగా ఉంటాయి కదా.

ఒక మనిషితో మాట్లాడండి, వీడియో పంపకుండా. "ఒకటి చూశాను, మనసు బాగోలేదు" చాలు. చూసిందంతా పూసగుచ్చినట్టు వర్ణిస్తే ఆ బరువు వాళ్ల మీద పడుతుంది.

## 5. ఆదుర్దాను ఒక పనిగా మార్చండి

ఏమీ చేయలేకపోతున్నామన్న భావన మనిషిని లోపల తినేస్తుంది. కాగితం మీద గీత గీసి, ఎడమవైపు "నా చేతిలో ఉన్నది", కుడివైపు "నా చేతిలో లేనిది" అని రాయండి. ఎడమవైపు నుంచి ఒకటే ఎంచుకుని ఇవాళే చేయండి.

వరదైతే నమ్మకమైన చోటికి తోచినంత పంపండి, లేదా అక్కడున్న ఒకరికి ఫోన్ చేసి "ఏం కావాలి" అని అడగండి. రోడ్డు ప్రమాదాల వార్తలు కలచివేస్తుంటే ఇంట్లో హెల్మెట్ పట్టీలు, బండి బ్రేకులు చూడండి. ఆసుపత్రి వార్తలైతే రక్తదానానికి పేరు ఇవ్వండి.

పని అయిపోయాక మళ్లీ వార్త తెరవకండి. సాయం చేసి, ఆ సాయం సరిపోయిందో లేదోనని రాత్రంతా వెతికేవాళ్లను చూశాను. వాళ్లు చాలా మంచివాళ్లు. త్వరగా అలసిపోయేదీ వాళ్లే.

## 6. ఇంట్లో చిన్నవాళ్లు, పెద్దవాళ్లు

చిన్న పిల్లలకు రీప్లే అంటే తెలియదు. ఒకే భవనం పదిసార్లు కూలడం చూస్తే పది భవనాలు కూలాయనుకుంటారు. బడికి వెళ్లే వయసు లోపు పిల్లలు ఉన్న గదిలో అలాంటి వార్తలు పెట్టకండి.

పెద్ద పిల్లలు ఎలాగూ ఫోన్లలో చూసేస్తారు. ముందు అడగండి: "నువ్వేం విన్నావు నాన్నా?" వాళ్లకు తెలిసినదాని నుంచే మొదలుపెట్టి, తప్పుంటే సరిచేయండి. "మనకేం కాదు" అని ఊరికే చెప్పడం కంటే "మన ఇంట్లో మనం ఈ జాగ్రత్తలు తీసుకున్నాం" అని చూపిస్తే నమ్ముతారు.

పెద్దవాళ్ల చేతిలోంచి రిమోట్ లాక్కోకండి. ఒంటరితనంలో ఆ టీవీ వాళ్లకు తోడు. రోజూ ఒక వేళకు పక్కన కూర్చుని "ఇవాళ ఏమైందంటే" అని మీరే చెప్పండి. మా పెద్దమ్మకు సాయంత్రం కాఫీతో పాటు ఆ పది నిమిషాలు దొరికాక, టీవీ దానంతటదే తగ్గింది.

## 7. నిద్ర, తిండి, నడక

ఫోన్ ఛార్జింగ్ పడకగది బయట పెట్టండి. అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోండి. పడుకోబోయే ముందు గంట వార్తలు వద్దు. పడుకున్నాక ఇరవై నిమిషాలకు కూడా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చాకే మళ్లీ మంచం ఎక్కండి.

సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ తగ్గించండి. గుండె దడ కొంత వాటిదే కావచ్చు. రోజూ అరగంట నడవండి, చెవిలో వార్తలు లేకుండా.

## 8. ఉద్యోగం కోసం చూడక తప్పనివాళ్లు

న్యూస్ డెస్కుల్లో, వీడియో ఎడిటింగ్‌లో, హైదరాబాద్‌లో కంటెంట్ మోడరేషన్ (సోషల్ మీడియా పోస్టులను చూసి, ఉండకూడనివి తీసేసే పని) షిఫ్టుల్లో ఉన్నవాళ్లకు "చూడకండి" అనే సలహా పనికిరాదు. మీ కష్టాన్ని వైద్యం కూడా గుర్తించింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగ నిర్ధారణ పుస్తకంలో, తెర మీద చూసినవి పీటీఎస్‌డీకి (భయంకరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్యకు) కారణంగా సాధారణంగా లెక్కలోకి రావు. ఉద్యోగంలో భాగంగా చూసినవైతే వస్తాయి.

☐ మొదటిసారి ధ్వని లేకుండా చూడండి. కేకలు చాలా రోజులు వెంటాడవచ్చు.
☐ విండో చిన్నది చేసి, వీలైతే బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టండి.
☐ కావలసిన భాగానికే వెళ్లండి, మొదటి నుంచి చివరిదాకా వద్దు.
☐ షిఫ్ట్ చివరి అరగంటకు తేలికైన పని ఉంచమని లీడ్‌ను అడగండి.
☐ ఆ పని ఇంటి నుంచి చేయాల్సి వస్తే పడకగదిలో చేయకండి.

## 9. ఎక్కువమంది చేసే తప్పులు

ఒక్కసారిగా అన్నీ డిలీట్ చేయడం. మూడో రోజుకు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, పైగా ఓడిపోయామని బాధ. సవరణ: ముందు రెండో మెట్టులోని సెట్టింగులు, వారం తర్వాత మూడో మెట్టులోని వేళలు.

కామెంట్లు చదవడం. వార్త చదివాక పుట్టిన బాధ ఒక ఎత్తు, కింద జనం తిట్టుకునేది చదివాక పుట్టేది ఇంకో ఎత్తు. కామెంట్ల దాకా దిగకముందే మూసేయండి.

నిజమో కాదో తేల్చుకోకుండా బాధపడటం. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిన ఫార్వర్డ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలించడం మామూలే. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన కబురైతే పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం) ఫ్యాక్ట్ చెక్‌లో చూడండి.

చూడకపోతే తప్పు చేసినట్టు అనుకోవడం. దీని గురించి చాలామంది నాకు రాశారు. వాళ్లు అంత కష్టంలో ఉంటే నేను కళ్లు మూసుకోవడమా అని. మీరు ఆ దృశ్యం ఇరవైసార్లు చూడటం వల్ల అక్కడివాళ్లకు ఏ సాయమూ అందదు. ఐదో మెట్టులో మీరు చేసే ఒక్క పనితో అందొచ్చు.

మద్యంతోనో, నిద్రమాత్రతోనో బాధను అణచడం. డాక్టర్ రాయని మాత్ర వేసుకోకండి, పక్కింటివాళ్లవి అసలే వద్దు.

## 10. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

ఇవన్నీ రెండు వారాలు చేశాక కూడా కిందివాటిలో ఏదైనా తగ్గకపోతే ఆలస్యం చేయకండి.

☐ అవే దృశ్యాలు పగలూ రాత్రీ కళ్ల ముందుకు రావడం, పీడకలలు
☐ నిద్ర, తిండి, పని దెబ్బతినడం
☐ చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం
☐ దేని మీదా ఆసక్తి లేకపోవడం
☐ రోజూ తాగితే తప్ప ఉండలేకపోవడం

చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. ఆ గంటలోనే ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. ప్రమాదం దగ్గరగా ఉంటే 112కు ఫోన్ చేయండి.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

ఫోన్ చేశాక ఏం చెప్పాలో తెలియక చాలామంది పెట్టేస్తారు. ఈ మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని చూసి చదవండి: "రెండు వారాలుగా నాకు సరిగ్గా నిద్ర పట్టట్లేదు. ఒక వీడియో చూశాను, అదే గుర్తొస్తోంది. ఏం చేయాలో చెప్పండి." తర్వాత వాళ్లే అడుగుతారు. మొదటి మెట్టులో రాసిన లెక్క దగ్గర పెట్టుకోండి, అక్కడ పనికొస్తుంది.